బహిష్టుకు ముందు కలుగు బాధలు

కొందరు స్త్రీలకు ప్రతి నెలయు బహిష్టు రాబోవు వారము, పది దినములలో శరీరమునందును, మనస్సునందును కొన్ని మార్పులు కలుగును. రొమ్ముల సలుపు, పొత్తికడుపు ఉబ్బరము, తలనొప్పి, నిద్రలేమి శరీరమునకు సంబంధించినవి. కారణము లేకయే దుఃఖము వచ్చుట, చిన్న మాటకే కోపము కలుగుట, పనియందు మనస్సు నిలువకుండుట రెండవ తెగకు చెందినవి. బహిష్టు అయిన కొలది దినములలోనే ఇవి తగ్గిపోవును. ఈ సంగతి నెరుగక ఇంటివారు ఆమెను గయ్యాళి యని నిందింతురు. కొన్నిచోట్ల గాలి సోకినదని తాయెత్తులు కట్టింతురు. రెండును పొరపాటే.

1931లో అమెరికా వైద్యుడు రాబర్టు ఫ్రాంక్ ఈ బాధలను గూర్చి వ్రాసెను. 1953లో ఇంగ్లండు వైద్యులు కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ దీనికి ‘ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్’ అను పేరును వాడిరి.

కారణమేమి?

తరువాతి బహిష్టుకు సుమారు 14 దినముల ముందు అండము విడుదల యగును. పిమ్మట శరీరములో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అను హార్మోనులు పెరిగి, గర్భము నిలువనిచో మరల తగ్గును. ఈ హెచ్చుతగ్గులు స్త్రీలందరికిని సహజము. బాధపడువారిలో హార్మోనులు అధికముగా నుండవు. ఆ మార్పులకు వారి మెదడు ఎక్కువగా చలించును. కనుకనే అక్కకు లేని బాధ చెల్లెలికి ఉండవచ్చును.

గుర్తించు విధము

దీనిని తెలుపు రక్తపరీక్ష లేదు. గోడమీది క్యాలెండరు చాలును. బహిష్టు దినములకు సున్న చుట్టి, బాధ కలిగిన ప్రతి దినమునకు ఒక గీత పెట్టవలెను. ఇట్లు రెండు నెలలు వ్రాసి చూడవలెను. గీతలన్నియు సున్నలకు ముందే చేరి, తరువాతి వారమున కనబడకున్నచో అది ఈ బాధయే యని తలపవచ్చును. నెల పొడుగునను గీతలున్నచో రక్తహీనత, థైరాయిడ్ లోపము, మనోవ్యాకులత వంటి వేరు కారణ ముండవచ్చును. ఆ క్యాలెండరునే వైద్యునికి చూపవలెను.

ఉపశమనము

చాలినంత నిద్ర, నిత్యము కొంత నడక మేలు చేయును. ఆ దినములలో ఊరగాయలు, అప్పడములు, కాఫీ, టీ తగ్గించుట మంచిది. పాలు, పెరుగు, రాగులు ఆహారములో నుండవలెను. పొలమున దినమంతయు శ్రమించు స్త్రీకి నడకకంటె విశ్రాంతియే ముఖ్యము; నీళ్ళు మోయుట వంటి బరువు పనులను ఇంటివారు పంచుకొనవలెను.

కొలదిమందిలో ఇది తీవ్రమై, బ్రతుకుపై విరక్తి కలిగించును. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. దీనికి మందులు కలవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెంటనే వెళ్ళవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఇంటిలోని పురుషులు మరొక సంగతి గుర్తుంచుకొనవలెను. స్త్రీ కోపమున కెల్ల బహిష్టే కారణము కాదు. ఆమె న్యాయమైన మాట చెప్పినప్పుడు, “ఆ దినములు వచ్చినవి” అని త్రోసిపుచ్చరాదు. బాధను బాధగా గుర్తించుట యెంత యవసరమో, మాటను మాటగా వినుటయు నంత యవసరము.