పెరటికోళ్ళకు రక్షణ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పెరట్లో వదిలిన కోళ్ళు, కోడిపిల్లలు తరచు మాయమవుతున్నప్పుడు, వాటిని పట్టుకుపోతున్న జంతువేదో ఏ ఆనవాళ్ళ వల్ల తెలుసుకోవచ్చు? (కడియం మండలం)

జవాబు: చూడవలసినవి రెండు: నష్టం జరిగిన వేళ, జరిగినచోట మిగిలిన జాడ. పట్టపగలు పిల్లలకోడి ఒక్కసారిగా కేక పెట్టి పిల్లలను రెక్కల కిందికి పిలుచుకున్న తరువాత లెక్కలో ఒక పిల్ల తగ్గితే అది గద్ద పనో డేగ పనో అయి ఉంటుంది. అక్కడ ఈకలు గాని నెత్తురు గాని సాధారణంగా కనిపించవు. అదే పగటివేళ, ఏ అలికిడీ లేకుండా, దడి వారగానో బోదె గట్టు వారగానో మేస్తున్న పిల్ల పోతే ముంగిసను గాని, పొదల్లో నడుస్తూ వేటాడే జెముడుకాకిని గాని అనుమానించాలి. ముంగిస పగలు తిరిగే జంతువు కనుక ఇంట్లోవారు భోజనాలు ముగించి నడుము వాల్చే మధ్యాహ్నం దానికి అనువైన వేళ అవుతుంది. గూటిలోకి దూరగలిగితే అది ఒక్కదానితో ఆగక, తల వెనుక, మెడ మీద కరిచి రెండు మూడింటిని చంపి, ఒకదానిని మాత్రమే ఈడ్చుకుపోవడం కద్దు. నెత్తురు తాగి వదిలేస్తుందనే నమ్మకానికి మూలం ఈ అలవాటే కావచ్చు.

తెల్లవారేసరికి పెద్దకోడి మొత్తంగా పోయి, గూటి నుంచి చేలవైపో ఏటిగట్టువైపో ఈకలు చెదురుమదురుగా పడి ఉంటే నక్క గాని, కొన్ని ఊళ్ళలో జంగపిల్లి అనే అడవిపిల్లి గాని వచ్చిందని గ్రహించాలి. తాటాకు కప్పు చెదిరి పైనుంచి దారి కనిపిస్తే చెట్లెక్కే మానుపిల్లి వచ్చి ఉండవచ్చు. గూటి నేలలో కొత్తగా తవ్విన మన్ను పోగుపడి చిన్నపిల్లలు పోతే పందికొక్కును, పెంకు ముక్క కూడా మిగలకుండా గుడ్లు పోతే పామును గాని ఉడుమును గాని వెదకాలి. ఊరకుక్కల పద్ధతి వేరు: తలుపును, వలను చించి, దొరికిన కోళ్ళన్నిటినీ కొరికి, వాటిలో చాలావాటిని తినకుండానే వదిలిపోతాయి. ఊరిని ఆనుకొని ఉన్న ఇళ్ళలో నక్కకు అంటగట్టే నష్టంలో కుక్కల వాటా ఎంతో విచారించకుండా నిర్ణయానికి రావడం మంచిది కాదు.

వీటన్నిటికంటె నమ్మదగిన పరీక్ష ఒకటున్నది. సందెవేళ గూటి చుట్టూ రెండడుగుల వెడల్పున సన్నని గోదావరి ఇసుకను పలచగా పరచి, చేత్తో చదును చేసి ఉంచితే, తెల్లవారి దానిమీద వచ్చిన జంతువు అడుగులు స్పష్టంగా పడి ఉంటాయి. కుక్క, నక్కల అడుగులో గోళ్ళ గుర్తులు కనిపిస్తాయి. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకుంటాయి కనుక వాటి అడుగు గోళ్ళ గుర్తులు లేకుండా గుండ్రంగా ఉంటుంది. పాము వస్తే అడుగులు ఉండవు, ఒరుసుకుపోయిన చార మాత్రమే ఉంటుంది. నాలుగైదు రాత్రులు ఇలా చూసిన తరువాతనే గూటిని ఎక్కడ బాగుచేయాలో తేల్చుకోవాలి.

ప్రశ్న: రాత్రిపూట కోళ్ళను కమ్మే గూడు ఎలా ఉంటే నక్క, ముంగిస, అడవిపిల్లి లోనికి రాలేవు? (ఆలమూరు)

జవాబు: పెరటికోళ్ళ రక్షణలో సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. పగలు కోడికి కాళ్ళున్నవి, రెక్కలున్నవి, దాగేందుకు పొదలున్నవి. చీకటిలో దానికి చూపు ఆనదు, పట్టుబడినచోటనే ఉండిపోతుంది. కనుక చీకటి పడకముందే అది గూటిలో ఉండడం, తలుపుకు గడియ పడి ఉండడం అన్న రెండూ ఒక్కరోజైనా తప్పకూడదు. మిగిలిన ఏర్పాట్లన్నీ వీటి తరువాతివే.

సాధారణంగా వాడే ఆరు మూలల కంతల ఇనుపవల, అనగా బజారులో చికెన్‌మెష్ పేరుతో దొరికేది, కోళ్ళను లోపల ఉంచడానికి పనికివస్తుంది గాని బయటి జంతువును ఆపదు. దాని సన్నని తీగను కుక్క, నక్క పళ్ళతో తెంపగలవు, ముంగిసపిల్ల పెద్ద కంతలోనుంచి దూరగలదు. అడ్డు, నిలువు తీగలు కలిసినచోట అతికి ఉండే వెల్డ్‌మెష్‌ను, అరంగుళం కంతలు గలదానిని, కనీసం నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకైనా వాడాలి. తవ్వి లోపలికి వచ్చే జంతువులను ఆపడానికి వలను అడుగు లోతున పాతిపెట్టమని చెప్పే పద్ధతి మెట్ట ప్రాంతాలకు సరిపోతుంది. నీరు పైపైనే ఉండే డెల్టా నేలలో పాతిన ఇనుము త్వరగా తుప్పుపట్టి, పైకి బాగానే కనిపిస్తూ లోపల తెగిపోయి ఉంటుంది. ఇక్కడ వలను పాతిపెట్టకుండా గూటి గోడ నుంచి బయటికి రెండడుగుల వరకు నేలమీదనే పరచి, అంచులపై ఇటుకలు పేర్చడం మేలు. తవ్వే జంతువు గోడ మొదలులోనే తవ్వడం మొదలుపెడుతుంది, కాళ్ళకింద వల తగిలితే రెండడుగులు వెనక్కు వెళ్ళి సొరంగం తీయాలన్న ఊహ దానికి సాధారణంగా రాదు.

గూటిని నేలమీద కాక రెండడుగుల ఎత్తు స్తంభాలపై కట్టగలిగితే ఇంకా మంచిది. ఎలుకలు పైకెక్కకుండా కొబ్బరిచెట్టు మొదలు చుట్టూ నున్నని రేకు కట్టడం కోనసీమలో తెలిసిన పనే. ఆ రేకునే గూటి స్తంభాలకు చుడితే పందికొక్కుకు, పాముకు కూడా పట్టు దొరకదు. ఒక్కొక్క పెద్దకోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల చోటు, లోపల కూర్చోవడానికి వెదురు దండెం ఉండాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి గాలి. భద్రత పేరుతో నాలుగువైపులా మూసేసిన గూడు వేసవి ఉక్కలో భరించరానిదవుతుంది. అప్పుడు కోళ్ళు లోనికి పోవడానికి మొరాయించి, మామిడికొమ్మ మీదనో ప్రహరీ మీదనో రాత్రి గడపడానికి అలవాటుపడతాయి, మానుపిల్లికి దొరికేది అటువంటి కోళ్ళే. అందుచేత గూటి పైభాగమంతా వెల్డ్‌మెష్‌గా ఉంచి, వానకు మాత్రం గోనెపట్టా దించుకోవాలి. రోజూ ఒకే వేళకు గుప్పెడు నూకలు గూటిలోపలనే చల్లితే కొద్ది దినాలలో కోళ్ళు పిలవకుండానే వచ్చి చేరతాయి. తలుపుకు తాడు ముడి చాలదు, ఇనుపగడియ వేసి దానికి కొక్కెం కూడా తగిలించాలి.

పందెం పుంజులను కాలికి తాడు కట్టి ఆరుబయట ఉంచే అలవాటు గోదావరి జిల్లాలలో ఇప్పటికీ ఉన్నది. కట్టివేసిన పక్షి ఎగరలేదు, పరుగెత్తలేదు. కుక్క వచ్చినా నక్క వచ్చినా దానికి తప్పించుకునే దారే లేదు కనుక ఆ అలవాటు విడిచిపెట్టవలసినదే.

ప్రశ్న: వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చి వదిలితే నాటుకోడి పిల్లలకంటె ఎక్కువగా గద్దలపాలవుతున్నాయి. కారణమేమిటి? (పెనుగొండ)

జవాబు: ఈ రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే రూపొందినవి, పెరట్లో నెట్టుకురావాలన్న ఉద్దేశంతోనే వాటికి పొడవైన కాళ్ళు ఉండేటట్లు చూశారు. లోపం జాతిలో లేదు, తల్లి లేకపోవడంలో ఉన్నది. నాటు పెట్ట ఇరవై ఒక్క రోజులు పొదిగి లేపిన పిల్ల, పుట్టిన మొదటి దినాలనుంచే తల్లి అరుపులను గుర్తుపడుతుంది. ఆకాశంలో గద్ద నీడ కనబడినప్పుడు కోడి చేసే అరుపు, నేలమీద పిల్లినో కుక్కనో చూసినప్పుడు చేసే అరుపు వేరువేరని పక్షుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. మొదటిది విన్నప్పుడు పిల్లలు చటుక్కున పొదలోకి దూరి కదలకుండా ఉంటాయి, రెండవది విన్నప్పుడు తల నిటారుగా ఎత్తి అటూ ఇటూ చూస్తాయి. యంత్రంలో పొదిగించిన పిల్లలకు ఈ కాపలా ఎవరూ కాయరు.

ఇందుకు రెండు మార్గాలున్నవి. మొదటిది, పిల్లలను కనీసం ఆరు వారాల వరకు వెచ్చని మూసిన గదిలో పెంచి, టీకాలు పూర్తిచేసి, ఆ తరువాతనే పెరట్లోకి వదలడం. రెండవది, ఆ జాతుల గుడ్లను తెచ్చి పొదుగుకు కూర్చున్న నాటు పెట్ట కింద పెట్టడం. ఆసిల్ రకం పెట్టలు పిల్లల మీదికి వచ్చిన గద్దను ఎగిరి తన్నగలవు. ఇరవై ముప్పై పిల్లలను సాకే ఇంటికి మొదటిది, అయిదారు పిల్లలతో సరిపెట్టుకునే ఇంటికి రెండవది అనుకూలం.

గద్దకు కావలసినది తెరిపి. ఊడ్చిన వాకిలి, చదునైన పెరడు దానికి ఎంత అనువో పిల్లలకు అంత ప్రమాదం. ఆముదం, అరటి పిలకలు, గోరింట కంచె వంటివి పది పన్నెండు అడుగులకు ఒకటి ఉంటే పిల్ల ఎటునుంచి పరుగెత్తినా చాటు దొరుకుతుంది. రొయ్యల చెరువులపై పక్షులు దిగకుండా అడ్డంగా దారాలు కట్టడం భీమవరం వైపు రైతులకు బాగా తెలుసు. అదే పద్ధతిలో పెరటిపై ఎనిమిదడుగుల ఎత్తున రెండేసి అడుగుల దూరంలో తెల్లదారాలు బిగించి కడితే గద్ద వాలు తీసి దిగలేదు. పాత చేపలవలను పైకప్పుగా వేసేవారు దానిని బిగువుగా కట్టి, అంచులు నేలను తాకకుండా చూడాలి. మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మలు నాలుగు రోజులు పనిచేసి, ఆ తరువాత గద్దకు అలవాటైపోతాయి. చేపల పొట్టలు, మాంసపు వ్యర్థాలు పెరట్లో పారవేయడం మానకపోతే పై ఏర్పాట్లన్నీ వృథా, ఎందుకంటే గద్దలను రప్పించేది అదే.

ప్రశ్న: నక్కకు, అడవిపిల్లికి మందు పెట్టడం, ఉచ్చు పన్నడం తప్పా? (కోరుకొండ)

జవాబు: తప్పే, చట్టరీత్యా నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు అర్థం చంపడం మాత్రమే కాదు. విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, పట్టుకోవడం, ఆ ప్రయత్నం చేయడం కూడా దానిలోకి వస్తాయి. ఆ చట్టానికి చేసిన 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఉడుము, బావురుపిల్లి వంటివాటిని చంపితే మూడేళ్ళకు తగ్గని జైలుశిక్ష పడుతుంది. కరెంటు తీగ పరచడం మరీ ఘోరం. దానికి బలయ్యేది తెల్లవారుజామున చేనుకు నీరు పెట్టబోయే మనిషి కూడా కావచ్చు.

వరికి వాడే గుళికలను కోడిమాంసంలో కలిపి పెట్టే దుర్మార్గపు పద్ధతి గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఆ ముక్కను నక్కే తింటుందన్న హామీ లేదు. ఇంటికుక్క, పిల్లి, గద్ద, కాకి తింటాయి, వాటి కళేబరాలను తిన్నవీ చస్తాయి, కోళ్ళు కూడా పొడుస్తాయి. ఒకవేళ నక్క చచ్చినా ఖాళీ అయిన దాని తావులోకి కొంతకాలానికి మరొకటి వస్తుంది, గూటి తలుపు మాత్రం అలాగే ఉంటుంది. అంతకుమించి, నక్క, అడవిపిల్లి, జెర్రిపోతు, గుడ్లగూబ ప్రధానంగా బతికేది ఎలుకల మీద. వరిచేలలో ఎలుకల బెడద ఎంత పెద్దదంటే మార్టేరు వ్యవసాయ పరిశోధనా స్థానంలో దానిపై ప్రత్యేకంగా పరిశోధన సాగుతున్నది. ఏడాదికి రెండు మూడు కోళ్ళు పోతున్నవన్న కోపంతో చేను కాసే జంతువులను చంపుకోవడం రైతుకు నష్టమైన బేరం.

ప్రశ్న: గుడ్ల కోసం వచ్చే పాములను ఎలా నివారించాలి? (ఉండి)

జవాబు: గుడ్లను రోజుకు రెండుసార్లు తీసేయడం, గడ్డిమేటును, కట్టెలమోపును గూటికి దూరంగా ఉంచడం, చిందిన నూకలను రాత్రికి ఊడ్చివేయడం ముఖ్యం. నూకలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. నైలాను వలను గూటి చుట్టూ నేలబారుగా కట్టరాదు. దానిలో చిక్కుకున్న నాగుపామును విడిపించబోయి కాటు తినే ప్రమాదం ఉన్నది. చీకటి మూలలో ఉన్న గుడ్లకోసం చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడడం ఇంట్లోని పిల్లలకు కూడా నేర్పాలి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వంటివి చేయక, కదలకుండా ఉంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రశ్న: చిరుతపులి సంచారం ఉన్నప్పుడు కోళ్ళను ఎలా చూసుకోవాలి? (దివాన్‌చెరువు)

జవాబు: 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారున దివాన్‌చెరువు అటవీ ప్రాంతంలో చిరుత కనిపించి, తరువాత దాని జాడలు కడియం నర్సరీలవైపు బయటపడిన సంగతి తెలిసినదే. చిరుతను ఊళ్ళోకి రప్పించేవి ముఖ్యంగా కుక్కలు, మేకలు, పందులు. అటవీశాఖ హెచ్చరించిన రోజులలో కోళ్ళను, మేకలను పొద్దుగూకకముందే గట్టి తలుపుల లోపల ఉంచి, రాత్రి కోళ్ళు అరిచినా ఒంటరిగా బయటికి పోకుండా, అడుగుజాడలు కనిపిస్తే వాటిని చెరపక శాఖవారికి తెలపాలి.

ప్రశ్న: లంక గ్రామాలలో వరదల కాలంలో కోళ్ళను కాపాడే ఉపాయమేమిటి? (పి.గన్నవరం)

జవాబు: ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. కోళ్ళ విషయంలో మొదటి హెచ్చరికనే ఆఖరిదిగా భావించి కదలాలి, ఎందుకంటే వరద పెరిగినకొద్దీ మనుషులతో, పశువులతో పాటు రెల్లుపొదల్లోని నక్కలు, ముంగిసలు, పాములు కూడా అదే ఏటిగట్టు మీదికి, అవే మెరకల మీదికి చేరతాయి. గట్టుమీద విడిచిన కోడి ఆ రాత్రే పోతుంది. ఇందుకోసం ఆషాఢంలోనే వెల్డ్‌మెష్‌తో ఇద్దరు మోయగల పెట్టెలు రెండు మూడు కట్టించుకోవాలి. అవి లేనప్పుడు గంపలో వేసి, పైన వల బిగించి, నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున వేలాడదీయాలి. నీరు తగ్గిన తరువాత పాత గూటిలోకి కోళ్ళను వెంటనే తోలరాదు: పొడవైన కర్రతో మూలలన్నీ కదిపి పాములు లేవని చూసుకొని, ఒండ్రు తీసి, సున్నం చల్లి, నేల ఆరిన తరువాత స్తంభాల మొదళ్ళలో మన్ను కోసుకుపోయి ఏర్పడిన కంతలను ఇటుకముక్కలతో కూరి, పరచిన వలను తిరిగి చదునుచేసి, పశువైద్యశాలలో కొక్కెర తెగులు టీకా వేయించిన మీదట వదలాలి.