బెజ్జాల పళ్ళెం: లేత్ పనివాళ్ళకు ఒక మాట

పందిరి మంచం కోడు ఒకటి విరిగింది. మిగతా మూడూ రాయిలా ఉన్నాయి. తాతల నాటి టేకు, పారేయడానికి మనసొప్పదు. విరిగిన కోడును గోనెసంచిలో చుట్టుకుని ఒంగోలు దాకా వచ్చి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి చేసిపెట్టమని మా షెడ్డు ముందు నిలబడినవాళ్ళను చాలామందిని చూశాను. కోడును గుండ్రంగా తిప్పడం ఏ లేత్ పనివాడికైనా పూట పని. చిక్కంతా దాని ఒంటి మీద నిలువునా ఉన్న పన్నెండు గాడుల దగ్గరే. పన్నెండూ సమాన దూరంలో పడాలి. కంటి అంచనాతో పడవు. సి.ఎన్.సి. మిషన్ ఉన్నచోట ఒక్క కోడు కోసం ప్రోగ్రాం రాసుకుంటూ కూర్చోరు. అందుకే ఆ మనిషి మన దగ్గరికి వచ్చాడు. అతన్ని వెనక్కి పంపితే పోయేది మన కూలే.

ఆ పని చేయాలంటే వృత్తాన్ని సమానంగా పంచి, ప్రతి భాగం దగ్గర కర్రను కదలకుండా నిలబెట్టే ఏర్పాటు ఒకటి కావాలి. దాన్ని ఇండెక్సు ప్లేటు అంటారు, మా షెడ్డులో బెజ్జాల పళ్ళెం అంటాం. కొననక్కర్లేదు, రెండు రోజుల్లో మనమే చేసుకోవచ్చు. మంచం కోళ్ళు, మేడమెట్ల కమ్మీలు, ఉయ్యాల స్తంభాలు, పూజామందిరాల స్తంభాలు తిప్పి బతుకుతున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మన పెద్దలు లేత్‌ను తరిమెన అనేవారు. తరిమెన మీద కర్ర తిరుగుతుంది, ఉలి నిలబడుతుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున చేసే లక్క బొమ్మలన్నీ ఈ పద్ధతిలోవే. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కర్రను ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ చెట్ల రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. అయితే తిరిగే కర్ర మీద ఎంత పనితనం చూపినా వచ్చేది గుండ్రమే. నిలువు గాడి, తామర రేకు, పలకలు కావాలంటే వరస తిరగబడాలి: కర్ర నిలబడాలి, పనిముట్టు కదలాలి. లండన్‌లో హోల్ట్‌జాఫెల్ కుటుంబం 18వ శతాబ్దం చివరి నుంచి దొరల కోసం ఇలాంటి నగిషీ లేత్‌లు చేసి అమ్మింది. ఈ విద్య మీదే 1884లో పెద్ద పుస్తకం వేసింది. ఆ లేత్‌ల ఇత్తడి పళ్ళేల మీద 96, 144, 360 బెజ్జాల వరసలుండేవి. మనకు అన్ని అక్కర్లేదు.

మనకు కావలసిన సూత్రం మన ఊళ్ళలోనే ఉంది. బండి చక్రం చేసే వడ్రంగిని గుర్తు తెచ్చుకోండి. పన్నెండు ఆకుల చక్రానికి ఆరు పూటీలు, పూటీకి రెండు ఆకులు. ఆరే ఎందుకంటే, వృత్తం గీసిన కంపాస్‌ను అదే కొలతతో అంచు మీద వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు అడుగుల్లో మొదటి చోటికి వస్తుంది. ఆరు వచ్చాక ఒక్కో భాగాన్నీ సగం చేస్తే 12, ఇంకోసారి చేస్తే 24, మరోసారికి 48. కోణమానిని లేకుండా, లెక్కల పుస్తకం లేకుండా 48 భాగాలు. ఒంగోలు గిత్తల బండ్లకు నల్లతుమ్మ చక్రాలు చేసిన చేతులకు ఈ లెక్క వేళ్ళ మీదే ఉండేది.

ఇక్కడే ఒక జాగ్రత్త. కంపాస్‌ను చిన్న కొలతకు తెరిచి 48 అడుగులు వరసగా వేయకండి. ఒక్కో అడుగుకు 0.2 మి.మీ. తేడా వచ్చినా చివరికి 9.6 మి.మీ. పోగవుతుంది. సగం చేసుకుంటూ వెళితే తప్పు పోగు పడదు.

ఇక పళ్ళెం. 12 మి.మీ. మంచి ప్లైవుడ్‌తో మొదలుపెట్టండి. చేయి కుదిరాక 6 మి.మీ. అల్యూమినియం రేకు మీద మరొకటి చేసుకోవచ్చు. వ్యాసం 270 మి.మీ. ఉండాలి. అంత పెద్దది ఎందుకని అడుగుతారు. 120 మి.మీ. వ్యాసార్ధం దగ్గర బెజ్జం ఒక మిల్లీమీటరు తప్పితే, 50 మి.మీ. కోడు ఒంటి మీద అది 0.2 మి.మీ. మాత్రమే. అదే అరచేతిలో పట్టే పళ్ళెం చేస్తే ఆ మిల్లీమీటరు దాదాపు మిల్లీమీటరుగానే కోడు మీద కూర్చుంటుంది. పళ్ళెం ఎంత పెద్దదైతే మన తప్పు అంత చిన్నది.

దాన్ని హెడ్‌స్టాక్ వెనక, స్పిండిల్ బయటికి వచ్చే కొస మీద ఫ్లాంజితో బిగించాలి. బిగించాకే గుర్తులు పెట్టాలి, ముందు కాదు. పళ్ళేన్ని స్పిండిల్ మీదే ఉంచి లేత్‌ను నెమ్మదిగా తిప్పుతూ పెన్సిల్ మొన ఆనించండి. వ్యాసార్ధం 120 దగ్గర ఒక గీత, 105 దగ్గర ఒక గీత. నడిమి బెజ్జం వెంట్రుకవాసి పక్కకు పడినా ఈ గీతలు మాత్రం స్పిండిల్‌కు సరిగ్గా మధ్యనే ఉంటాయి. చాలామంది బల్ల మీద గీసి, బెజ్జాలు వేసి, తర్వాత బిగిస్తారు. అప్పుడు ఒక పక్క గాడులు దగ్గరగానూ, ఎదుటి పక్క ఎడంగానూ పడతాయి. కారణం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు.

లోపలి గీత మీద 48 బెజ్జాలు, కంపాస్ పద్ధతిలో. బయటి గీత మీద 60. అరవైకి కంపాస్ కుదరదు, కాగితం పట్టీ కావాలి. పళ్ళెం అంచు చుట్టూ పట్టీ చుట్టి రెండు కొసలూ కలిసేచోట కత్తిరించండి. దాని పొడవు సుమారు 848 మి.మీ. వస్తుంది. దాన్ని అరవైతో భాగిస్తే 14.13; ఆ కొలత టేపు మీద ఎవరూ పట్టలేరు. అందుకని ఒక ప్లైవుడ్ ముక్క మీద 14 మి.మీ. ఎడంతో 61 నిలువు గీతలు గీయండి. మొత్తం 840 మి.మీ. అవుతుంది. పట్టీ అంతకంటే కొంచెం పొడవు కాబట్టి, దాన్ని ఏటవాలుగా పరిచి ఒక కొస మొదటి గీతకూ, రెండో కొస చివరి గీతకూ తగిలేలా సర్దండి. నడుమ ప్రతి గీతా పట్టీని దాటేచోట చుక్క పెట్టండి. అరవై సమాన భాగాలు వచ్చేశాయి. పట్టీని మళ్ళీ పళ్ళెం అంచుకు అంటించి, చుక్కల నుంచి కేంద్రం వైపు స్కేలుతో గీతలు లాగి, 120 గీతను దాటేచోట పంచ్ కొట్టండి. ఎన్ని భాగాలకైనా, ఎంత పళ్ళేనికైనా ఈ ఉపాయం పనిచేస్తుంది. నాకు దీన్ని నేర్పిన పెద్దాయన బడి మొహం చూడలేదు.

48, 60 చాలు. మొదటి వరసలో 2, 3, 4, 6, 8, 12, 16, 24 వస్తాయి. పూజామందిరం కింద ఎనిమిది రేకుల పద్మం, పదహారు రేకుల పద్మం, ఇరవైనాలుగు ఆకుల ధర్మచక్రం, అన్నీ అందులోనే. రెండో వరస 5, 10, 15, 20 ఇస్తుంది.

పళ్ళెం చేసే ఓపిక లేనివాళ్ళు పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయి సైకిలు పళ్ళచక్రమో, మోటారుసైకిలు స్ప్రాకెట్టో తెచ్చి బిగిస్తుంటారు. తప్పు లేదు, పన్ను సందులో కూర్చునే కొక్కెం ఒకటి చేసుకుంటే పనిచేస్తుంది. డబ్బులిచ్చే ముందు పళ్ళు లెక్కపెట్టండి. 48 పళ్ళుంటే మంచిది. 44 ఉంటే రెండుకు, నాలుగుకు, పదకొండుకు, ఇరవైరెండుకు తప్ప పనికిరాదు. ఆరు గాడులు కూడా రావు. 42 ఉంటే ఆరుకూ ఏడుకూ వస్తుంది, నాలుగుకు రాదు. కొన్ని కొత్త లేత్‌లకు పుల్లీ మీదే 24 బెజ్జాలు వేసి ఇస్తారు, మీ లేత్‌కు ఉన్నాయేమో ముందు చూసుకోండి.

బెజ్జంలో దిగి పళ్ళేన్ని కదలకుండా ఆపే పిన్నుకు తలుపు గడియలు వాడకండి, వదులుగా ఆడతాయి. 6 మి.మీ. డ్రిల్లు బిట్టుతో బెజ్జం వేసి, అదే సైజు విరిగిన బిట్టు కాడను పిన్నుగా పెట్టండి. కాడ కొసను కొద్దిగా సూదిగా అరగదీస్తే బెజ్జం అరిగినా బిగువుగానే దిగుతుంది. లెక్కలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 60 వరసలో పన్నెండు గాడులంటే ప్రతి ఐదో బెజ్జం. పిన్ను ఉన్న బెజ్జాన్నే ఒకటిగా లెక్కపెడితే నాలుగు సందులకే ఆగిపోతారు. సందులు లెక్కపెట్టండి. అంతకంటే మేలు, పని మొదలుపెట్టకముందే కావలసిన బెజ్జాల పక్కన రంగు చుక్కలు పెట్టుకోండి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మందిరం స్తంభం, టేకు, పదహారు గాడులు. పదకొండోది తీసేటప్పుడు కర్ర ముళ్ళ సెంటరు మీద రవ్వంత జారింది. పళ్ళెం జారలేదు, పిన్ను జారలేదు, కర్ర ఒక్కటే జారింది. నాకు తెలియలేదు. మిగతా ఐదూ తీసి చూస్తే పది పదకొండు గాడుల మధ్య సందు ఇరుకు, పదహారుకూ మొదటిదానికీ మధ్య సందు వెడల్పు. స్తంభం పొయ్యిలోకి పోయింది. అప్పటి నుంచి కర్ర కొస మీదా, ముళ్ళ సెంటరు మీదా కలిపి ఒకే గీత పెన్సిల్‌తో గీస్తున్నాను. ప్రతి గాడికీ ముందు ఆ గీత విడిపోయిందేమో చూస్తాను. క్షణం పట్టదు.

గాడి తీయడానికి రూటరు గానీ ట్రిమ్మరు గానీ చాలు. లేత్ బెడ్డు మీద కర్రకు రెండు పక్కలా పలకలతో పెట్టె కట్టి, పై అంచుల మీద రూటరు జారేలా చేయండి. బిట్టు సరిగ్గా కర్ర నడినెత్తిన దిగాలి. టెయిల్‌స్టాక్ సెంటరు మొనకు ఎదురుగా సూది బిట్టు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పక్కకు పడితే ప్రతి గాడీ ఒక వైపుకు ఒరిగి కనిపిస్తుంది. గాడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అక్కడ అడ్డు చెక్కలు బిగించండి. ఒక్కసారికి 2 మి.మీ. కంటే లోతుకు పోవద్దు.

బిట్టు ఎంచుకునే ముందు కాగితం మీద లెక్క వేయాలి. 60 మి.మీ. కోడు చుట్టుకొలత 188 మి.మీ. పన్నెండు గాడులైతే ఒక్కోదానికి 15.7 వస్తుంది. 10 మి.మీ. గాడి తీస్తే నడుమ 5.7 మి.మీ. గట్టు నిలుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. అదే కర్ర మీద పదహారు గాడులు తీస్తే గట్టు 1.8 మి.మీ., చేయి తగిలితే లేచిపోతుంది. కోడు కిందికి సన్నబడి 40 మి.మీ.కు వస్తే పన్నెండు గాడులకే గట్టు అర మిల్లీమీటరు. ఎప్పుడైనా సన్నటి చోటు కొలిచి నిర్ణయించండి. సన్నబడే కోడుకు పెట్టె అంచులు కూడా అదే వాలులో ఉండాలి, లేకపోతే ఒక కొస లోతుగా, ఇంకో కొస గీసీ గీయనట్టుగా వస్తుంది.

తమ్ముళ్ళూ, ఇది మాత్రం చెవిన పెట్టుకోండి. పిన్ను బెజ్జంలో ఉన్నప్పుడు లేత్ స్విచ్చి వేయకూడదు. వేస్తే పళ్ళెం పగిలి ముక్కలు మొహం మీదికి వస్తాయి, లేదా బెల్టు కాలిపోతుంది. స్విచ్చి ఆపితే చాలదు, లేత్ ప్లగ్గు పీకి మీ కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టండి. ఆ తర్వాతే రూటరు ప్లగ్గు పెట్టండి. షెడ్డులో ఒక్క సాకెట్టే ఉంటే ఇంకా మంచిది, రెండూ ఒకేసారి తిరగవు. రూటరు రవ్వ కళ్ళలోకే కొడుతుంది కాబట్టి కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పంచె కొసలు, చేతి దారాలు రూటరు దగ్గరికి రానివ్వకండి.

ధర సంగతి. గాడికి రెండు నిమిషాలు అనుకుంటే పన్నెండుకు 24 నిమిషాలు. సర్దుకోవడానికి అరగంట. ఒక్క కోడుకు దాదాపు గంట పడుతుంది. నాలుగు కోళ్ళు ఒకేసారి వస్తే సర్దుబాటు ఒక్కసారే కాబట్టి మొత్తం రెండు గంటల ఆరు నిమిషాలు. అంటే ఒంటి కోడుకు అడిగే కూలీ, నాలుగిట్లో ఒకదానికి అడిగే కూలీ ఒకటి కాకూడదు. వచ్చినవాళ్ళకు ఈ లెక్క చెప్పండి, అర్థం చేసుకుంటారు. మీ చేతికి ఎంత సేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకుని మీ అంకెలు వేసుకోండి. మొహమాటానికి పోయి తిప్పుడు కూలీకే గాడులు కూడా తీసిపెడితే ఈ పళ్ళెం మీకు అన్నం పెట్టదు.

రూటరుకు పెట్టుబడి లేనివాళ్ళు పి.ఎం. విశ్వకర్మ పథకం సంగతి కనుక్కోండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఉంది. కొద్ది రోజుల శిక్షణకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు. ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది. పేరు కామన్ సర్వీస్ సెంటర్లో రాయించుకోవాలి. మధ్యలో ఎవరికీ డబ్బులివ్వకండి.

పళ్ళెం తయారైన రోజే టేకు ఎక్కించకండి. మన జిల్లాలో కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్ కావలసినంత దొరుకుతుంది. ఒక ముక్క తెచ్చి తిప్పి, పన్నెండు గాడులు తీయండి. పన్నెండు సందులనూ ఒక్కొక్కటిగా కొలిచి కాగితం మీద రాయండి. అన్నిటికంటే పెద్దదానికీ చిన్నదానికీ తేడా అర మిల్లీమీటరు దాటితే పళ్ళెం విప్పి మళ్ళీ గీయండి. దాటకపోతే విరిగిన కోడు తెచ్చిన ఆ మనిషిని పిలవండి.