మామ్మగారి అరచేయి

నిడదవోలు రైలు కూడలి. విజయవాడనుండి విశాఖపట్టణమునకు పోవు పెద్దమార్గమునుండి నరసాపురమువైపు దారి యిక్కడనే చీలును. పొట్టకూటికై పరదేశములకు పోవు గోదావరిసీమవారిలో ననేకులు ఈ స్టేషనులోనే తమవారిని వీడ్కొందురు. కిటికీ ఊచల సందున తల్లి బిడ్డ చేయి పట్టుకొని యుండును. బండి కదలినను నాలుగడుగులు వెంట నడచును. అటుపై వ్రేళ్ళు విడిపోవును.

నేను ఎనిమిదవ తరగతి చదువుచున్న నాళ్ళలో, అనగా 1970 తరువాతి సంవత్సరములలో, మా పొరుగింట నొక వృద్ధురాలుండెడిది. మే మామెను మామ్మగారని పిలిచెడివారము. ఆమె ఒక్కగానొక్క కుమారుడు వడ్రంగము నేర్చి కువైట్ వెళ్ళెను. ఆమెకు చదువు రాదు. జాబు వచ్చిననాడు నన్ను పిలిచి, "కాస్త నెమ్మదిగా చదువు నాయనా" అనెడిది. చదువుటకు ముందు ఆ నీలికాగితమును నిమిరి చెక్కిలికి చేర్చుకొనెడిది. అక్షరము రానివారు కాగితము నేల తడుముదురో యని నాకు నవ్వు వచ్చెడిది.

ఒకనాడు తోటివారు చెడుగుడు ఆటకు కేకలు వేయుచుండగా జాబు వచ్చెను. నేను క్షేమసమాచారము గడగడ చదివి, చివరి నాలుగు పంక్తులు విడిచితిని. "అంతేనా బాబూ?" అని ఆమె అడిగెను. "అంతే మామ్మగారూ" అని పరుగెత్తితిని. నెల దాటిన పిమ్మట మరియొక జాబు వచ్చెను. అందులో, "అమ్మా, నీ అరచేయి కాగితముమీద ఉంచి చుట్టును గీత గీయించి పంపుమని వ్రాసితిని. పంపలేదేమి? ఒంట్లో కులాసాయేనా?" అని యుండెను. నా నోట మాట రాలేదు.

ఆ కుమారునిది వెఱ్ఱికోరిక కాదని చాలకాలమునకు గాని నేను గ్రహింపలేదు. మన చర్మములో నొకరకపు నాడులు కలవు. అవి మెల్లగా నిమిరినపుడే ఎక్కువగా స్పందించును. ఆ నిమురుట సెకనుకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వేగమున సాగవలెను. తల్లి బిడ్డ వీపు నిమురునపుడు ఆమె చేయి ఎవరును నేర్పకయే ఆ వేగమున నడచును.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో అను శాస్త్రజ్ఞుడు తల్లులనుండి వేరుచేసిన కోతిపిల్లలకు రెండు బొమ్మల నిచ్చెను. ఒకటి పాలసీసా కల తీగెబొమ్మ. రెండవది పాలు లేని మెత్తని గుడ్డబొమ్మ. పిల్లలు ఆకలి తీరగానే తీగెబొమ్మను విడిచి, గుడ్డబొమ్మనే కౌగిలించుకొని పొద్దు గడపెను. 1958లో ఆయన దీనిని ప్రకటించెను. ఆ పిల్లల నట్లు బాధించుట నాకు సమ్మతము కాదు. అయినను ఫలితమును త్రోసివేయజాలము.

మరి దూరమున నున్నవారి మాట యేమి? అదే విశ్వవిద్యాలయమువారు 2010లో నొక పరిశోధన ప్రకటించిరి. ఏడు మొదలు పండ్రెండేండ్ల బాలికలచే క్రొత్తవారి యెదుట ఉపన్యాసము చెప్పించి, లెక్కలు చేయించిరి. బెదరిన బాలికలలో కొందరిని తల్లుల కౌగిటికి పంపిరి. కొందరిచే ఫోనులో తల్లులతో మాటలాడించిరి. ఊరట గూర్చు ఆక్సిటోసిన్ అను రసము ఇరుతెగలవారియందును పెరిగెను. 2012లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, తల్లితో వ్రాతసందేశములు మాత్రమే నడపిన బాలికలకు ఆ మేలు కలుగలేదు. తల్లి గొంతు చేసిన పనిని ఉత్త అక్షరము చేయలేకపోయెను.

ఆ గొంతును తీగెవెంట నడిపించి, 1876లో దూరవాణికి హక్కుపత్రము పొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇంటి సంగతి వినుడు. ఆయన తల్లికి వినికిడి మిక్కిలి తక్కువ. బాలుడైన బెల్ ఆమె నుదుటి చెంత నోరుంచి మెల్లగా మాటలాడెడివాడు. వ్రేళ్ళ సంజ్ఞలతో నితరుల మాటలు తెలిపెడివాడు. ఆయన భార్య ఐదవయేటనే జ్వరముచే వినికిడి కోల్పోయినది. లోకమంతయు విన్న దూరవాణిని ఆమె ఏనాడును వినజాలకపోయెను! కన్నులు, చెవులు రెండును లేని హెలెన్ కెల్లరును ఆరేండ్లప్పుడు, 1886లో, తండ్రి బెల్ వద్దకే కొనిపోయెను. ఆయన చూపిన దారిననే మరుసటి యేడు ఆన్ సలివాన్ ఉపాధ్యాయినిగా వచ్చెను. పంపునీరు ఒకచేతిపై పడుచుండగా, రెండవచేతిలో ఆమె 'నీరు' అను మాటను వ్రేలితో వ్రాసెను. హెలెనుకు భాష చేతినుండియే పుట్టెను. ఆమె 1955లో మన దేశమునకును వచ్చెను.

నేడు మా వీథిలో తల్లులు ఫోనుతెరపై కువైట్‌లోని బిడ్డల ముఖము చూచుచు మాటలాడుదురు. మాటలు ముగిసిన పిమ్మట ఆ గాజును చేతితో నిమురువారిని నేను చూచితిని. ఇపుడు నాకు నవ్వు రాదు.

ఆనాడు నేను తప్పొప్పుకొంటిని. మామ్మగారు తిట్టలేదు, కాగితమును పెన్సిలును తెమ్మనెను. పీటమీద కాగితము పరచి కుడిచేయి ఉంచెను. కోతలలో కొడవలి తగిలి ఆమె చిటికెనవ్రేలు వంగిపోయి యుండెను. చక్కగా కనుపింపవలెనని ఆ వ్రేలిచుట్టు గీతను తిన్నగా పోనిచ్చితిని. ఆమె కనిపెట్టి, "వంకరగానే గీయి నాయనా, లేకుంటే వాడు నా చేయని పోల్చుకోలేడు" అనెను. ఆ గీతను చెరిపి, మరల గీసితిని.