శిక్ష లేని పదకొండు పనులు

సెకండ్ ఇయర్‌లో మనకి ‘భారత రాజ్యాంగం’ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. క్రెడిట్లు సున్నా. పాసైతే చాలు, సీజీపీఏకి దాంతో పని లేదు. అందుకే ఆ పీరియడ్‌లో వెనక బెంచీల వాళ్ళు సగం మంది డేటా స్ట్రక్చర్స్ రికార్డు రాసుకుంటుంటారు. అందులోనూ ‘ప్రాథమిక విధులు’ అనే టాపిక్‌కి మరీ అన్యాయం జరుగుతుంది. ఒక స్లైడు, పదకొండు పాయింట్లు, “షార్ట్ ఆన్సర్‌కి వస్తుంది, గుర్తుపెట్టుకోండి” అనే ఒక మాట. అంతే, తర్వాతి యూనిట్.

పరీక్షలయ్యాక ఆర్టికల్ 51-ఏ ని ఒకసారి తీరిగ్గా చదివాను. చాలా చిన్నది, పది నిమిషాలు కూడా పట్టదు. చదివితే ఎవరికైనా మొదట తట్టే ప్రశ్న ఒకటే: వీటిలో ఏదైనా చెయ్యకపోతే ఏమవుతుంది? ఆ ఆర్టికల్ ప్రకారం అయితే ఏమీ కాదు. శిక్ష లేదు, జరిమానా లేదు, ఎవరు చూస్తారో కూడా రాయలేదు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ హ్యాండ్లింగ్ లేని కోడ్. వేరే చట్టాలు ఉన్నాయి లెండి. జెండానీ జాతీయ గీతాన్నీ అవమానిస్తే 1971 నాటి చట్టం, బస్సులు తగలబెడితే 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం. కానీ అవి విడి చట్టాలు. 51-ఏ ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినీ కోర్టుకి లాగలేరు.

రెండో ఆశ్చర్యం, అందులో లేనివి. పన్ను కట్టడం లేదు. ఓటు వెయ్యడం లేదు. తల్లిదండ్రుల్ని, గురువుల్ని గౌరవించడం కూడా లేదు. “ఉంది కదా, స్కూల్లో రోజూ చదివేవాళ్ళం” అని నా రూమ్మేట్ వాదించాడు. వాడు చెప్పేది ప్రతిజ్ఞ గురించి. అది రాజ్యాంగంలోది కాదు. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళం దాన్ని ఇంగ్లీషులోనే పుట్టిందనుకుంటాం గానీ, అది మొదట రాసింది తెలుగులో. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. 1965 నుంచి దేశమంతా బడుల్లో చదివిస్తున్నారు. దేశంలో ప్రతి భాష పిల్లలూ పొద్దున్నే అప్పజెప్పేది ఒక తెలుగు ఉద్యోగి రాసిన మాటల అనువాదం అన్నమాట! పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మాత్రం చాలాకాలం వెయ్యలేదు.

సరే, 51-ఏ కి వద్దాం. ఇది ఎప్పుడొచ్చిందో తెలిస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో హక్కులున్నాయి, పౌరుల విధుల జాబితా లేదు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో, పత్రికలు సెన్సారు కింద. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఈ సమయంలో ఎవరినైనా అన్యాయంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే వీల్లేదని తీర్పిచ్చింది. ఐదుగురు జడ్జిల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. సరిగ్గా ఆ ఏడాదే స్వరణ్ సింగ్ కమిటీ కూర్చుని, పౌరులకి విధులు కూడా ఉండాలని సిఫార్సు చేసింది. వాళ్ళు ఎనిమిది చెప్పారు, అందులో పన్ను కట్టడం ఉంది, పాటించనివాళ్ళకి శిక్ష వెయ్యొచ్చన్న సూచన కూడా ఉంది. పార్లమెంటు ఆ రెండూ వదిలేసి పది విధులతో 42వ సవరణ చేసింది. 1977 జనవరి 3 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంటే, మనిషిని జైల్లో ఎందుకు పెట్టారో అడిగే హక్కు లేని రోజుల్లో, ఆ మనిషి దేశానికి ఏమేం చెయ్యాలో లిస్టు రాశారు.

అయితే ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన జనతా ప్రభుత్వం 43, 44 సవరణలతో 42వ సవరణలో చాలా భాగాన్ని పీకేసింది గానీ, 51-ఏ జోలికి పోలేదు. ఎందుకు పోలేదో ఆ పది పాయింట్లు చదివితే నాకు అర్థమైంది. ప్రభుత్వం మాట వినాలి అని అందులో ఎక్కడా లేదు. రాజ్యాంగానికి కట్టుబడాలని ఉంది. ఆ రెండూ ఒకటి కాదు. ఈ తేడా ఎంత పెద్దదో చెప్పే కేసు ఒకటుంది. నా దృష్టిలో మన సిలబస్‌లో ఒక పూర్తి పీరియడ్ దానికి ఇవ్వాలి.

1985, కేరళ. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పదో క్లాసు, తొమ్మిది, ఐదు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు. బడిలో జాతీయ గీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి నిలబడేవాళ్ళు, కానీ పాడేవాళ్ళు కాదు. తమ దేవుణ్ణి తప్ప దేన్నీ అలా కీర్తించకూడదని వాళ్ళ నమ్మకం. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఒక ఎమ్మెల్యే కంట్లో పడింది, విషయం అసెంబ్లీకి వెళ్ళింది. విచారణ కమిషన్ వేశారు. పిల్లలు మంచివాళ్ళే, గీతాన్ని అవమానించలేదు అని ఆ కమిషనే చెప్పింది. అయినా జూలైలో ముగ్గురినీ బడి నుంచి పంపించేశారు. కేరళ హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు.

సుప్రీంకోర్టులో 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన హైకోర్టులో జడ్జిగా పనిచేసి వెళ్ళిన తెలుగువారు. ఆయన వేసుకున్న ప్రశ్నలు చాలా సింపుల్. జాతీయ గీతం పాడి తీరాలని చట్టం ఉందా? లేదు. 1971 చట్టం ఏమంటుంది? పాడేవాళ్ళని ఆపినా, గొడవ చేసినా నేరం అంటుంది. వీళ్ళు ఆపారా? లేదు. గీతాన్ని గౌరవించాలని 51-ఏ లో ఉంది కదా? ఉంది, నిటారుగా నిలబడ్డారు, అది గౌరవమే. అలాంటప్పుడు మాట్లాడే స్వేచ్ఛా, మత స్వేచ్ఛా ఉన్న పిల్లల్ని ఏ ఆధారంతో బయటికి పంపారు? పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ పిల్లల్ని పంపించినవాళ్ళు కూడా తాము మంచి పౌరులమనే అనుకున్నారు. విధి అనే మాట చేతికొస్తే మనం మొదట చేసే పని, దాన్ని పక్కవాడి మీద ప్రయోగించడం. 2016 నవంబర్‌లో సినిమా హాళ్ళలో గీతం తప్పనిసరి అని సుప్రీంకోర్టే ఆదేశం ఇచ్చింది. 2018 జనవరిలో మళ్ళీ అదే కోర్టు, తప్పనిసరి కాదు, హాలు వాళ్ళ ఇష్టం అని మార్చింది. ఆ మధ్య ఏడాదిలో ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అని చూడటమే కొందరికి పనైపోయింది. తెర మీద జెండా కంటే పక్క సీటు మీదే ఎక్కువ చూపు!

కోర్టులు ఈ విధుల్ని ఇంకో దిక్కుకి కూడా తిప్పాయి. అది నాకు చాలా నచ్చింది. 1988లో గంగా కాలుష్యం కేసు. పర్యావరణాన్ని కాపాడటం 51-ఏ ప్రకారం పౌరుడి విధి. సరే, ఎలా కాపాడాలో పౌరుడికి ఎవరు నేర్పుతారు? కాబట్టి బడుల్లో వారానికి కనీసం ఒక గంట దీని గురించి చెప్పించడం కేంద్ర ప్రభుత్వం విధి అంది సుప్రీంకోర్టు. 1991లో ఇంకో కేసులో పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా పెట్టించమంది. మనం తిట్టుకుంటూ రాసే ఈవీఎస్ పేపర్ మూలం ఇదే. 2001లో ఎయిమ్స్ విద్యార్థి సంఘం కేసులో ఇంకాస్త స్పష్టంగా చెప్పారు: ప్రతి పౌరుడి విధీ కలిపితే అది రాజ్యం విధి అవుతుంది. అంటే “చెత్త రోడ్డు మీద వెయ్యకండి” అని బోర్డు పెట్టినవాళ్ళని “మరి డబ్బా ఎక్కడ?” అని అడిగే హక్కు మనకి ఉంది. అలా అడగడం పౌరధర్మానికి వ్యతిరేకం కాదు, అందులో భాగమే.

పదకొండిట్లో మన క్యాంపస్‌కి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మాత్రం ‘ఇ’ క్లాజు. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలు వదిలెయ్యాలని అందులో ఉంది. ఆచారాలు అంటే ఎక్కడో పాతకాలం సంగతి అనుకుంటాం. ప్లేస్‌మెంట్ రిజల్ట్స్ వచ్చిన రోజు హాస్టల్లో వినండి. “నీకిప్పుడు రేటు ఎంత పలుకుతుందిరా” అని ఎవడో ఒకడు జోకేస్తాడు, అందరూ నవ్వుతారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. అయినా మన ఊళ్ళలో సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకు లెక్క వేరు, అమెరికా పెళ్ళికొడుకు లెక్క వేరు, అందరికీ తెలుసు. జాతీయ గీతం విషయంలో అంత పట్టుదల ఉన్న సమాజం ఈ క్లాజు దగ్గర ఎంత మెత్తబడిపోతుందో చూస్తే నాకు కోపమే వస్తుంది. ‘జె’ క్లాజు అన్ని రంగాల్లో శ్రేష్ఠత సాధించాలంటుంది. దాన్ని మనవాళ్ళు ప్యాకేజీ అని అర్థం చేసుకున్నారేమో!

పదకొండోది 2002లో, 86వ సవరణతో చేరింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని చదివించడం తల్లిదండ్రుల లేదా సంరక్షకుల విధి. అదే సవరణతో చదువు పిల్లల హక్కు కూడా అయింది. ఒకే సవరణలో హక్కూ విధీ జంటగా వచ్చాయి. దాని గురించి ఇంకా చాలా చెప్పాలి, ఇంకోసారి.

ఇన్ని రాసినా, 51-ఏ లో లేని ఒక విధి గురించి చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. పోయిన వర్షాకాలం మా గేటు ముందు హైవే మీద ఒకతను బైక్ జారి పడ్డాడు. తల నుంచి రక్తం. మేం ఐదారుగురం ఉన్నాం. నేను 108కి ఫోన్ చేస్తున్నాను. మాలో ఒకడు “ముట్టుకోకండ్రా, తర్వాత పోలీసులు మనల్నే పిలుస్తారు” అన్నాడు. గేటు దగ్గర జామకాయలు అమ్మే ఆవిడ బండి వదిలేసి వచ్చి, తన కొంగుతోనే అతని తల అదిమి పట్టుకుంది. “ఏమయ్యా, చూస్తారేం, పైకి లేపకుండా గొడుగన్నా పట్టండి” అంది. అంబులెన్స్ వచ్చేదాకా మావాళ్ళు ఇద్దరు గొడుగులు పట్టారు. ఆవిడ అంబులెన్స్ ఎక్కి వెళ్ళింది కూడా. ఆ గంటసేపూ బండి మీద కాయల్ని మేం చూసుకున్నాం.

మావాడి భయం ఊరికే వచ్చింది కాదు. మన ఇళ్ళలో అందరూ అదే చెప్తారు, “మనకెందుకు వచ్చిన గొడవ” అని. కానీ చట్టం మారింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 134-ఏ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదంలో ఉన్నవాళ్ళకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద, ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టకూడదు. పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చెయ్యకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అనేది మన ఇష్టం. ఆస్పత్రిలో చేర్చినవాళ్ళని డబ్బు కట్టేదాకా ఆపకూడదు. సాయం చెయ్యాలని దారినపోయేవాళ్ళని చట్టం నిర్బంధించదు. ప్రమాదంలో ఉన్న బండి డ్రైవరుకి మాత్రం గాయపడ్డవాళ్ళకి వైద్యం అందేలా చూడటం 134 ప్రకారం తప్పనిసరి. మిగతావాళ్ళకి, మీరు చేస్తే మిమ్మల్ని ఇబ్బంది పెట్టం అని హామీ ఇచ్చిందంతే. ఈ నాలుగు వాక్యాలూ మన గేటు దగ్గర బోర్డు మీద ఉంటే ఆరోజు ఆ మాట వచ్చేది కాదేమో. బోర్డు పెట్టించమని స్టూడెంట్ కౌన్సిల్‌కి క్లబ్ తరఫున లెటర్ ఇచ్చాం. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు.

ఇక ఓటు. అది విధుల లిస్టులో లేకపోయినా, హాస్టల్ వాళ్ళకి పనికొచ్చే విషయం కాబట్టి రాస్తున్నాను. ఒకప్పుడు 21 ఏళ్ళు నిండితేనే ఓటు. 61వ సవరణ తర్వాత 1989 నుంచి 18. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండాలి, ఒక్కరోజు తేడా వచ్చినా ఏడాది ఆగాలి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. 17 దాటినవాళ్ళు ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు. ఫామ్ 6 ఎన్నికల సంఘం పోర్టల్లోనే నింపొచ్చు. హాస్టల్లో ఉండేవాళ్ళు సొంత ఊళ్ళోనైనా, కాలేజీ ఉన్నచోటైనా నమోదు కావొచ్చు. ఇక్కడ కావాలంటే మీరు ఇక్కడి విద్యార్థేనని కాలేజీ ఇచ్చే ధ్రువీకరణ జత చెయ్యాలి. రెండుచోట్లా మాత్రం ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆల్రెడీ ఊళ్ళో ఓటు ఉండి ఇక్కడికి మార్చుకోవాలంటే అది ఫామ్ 8.