సూర్యరశ్మిచే త్రాగునీటిని శుద్ధిచేయు విధానము: మునిసిపల్, తాలూకా ఉద్యోగులకు పాఠము

1. ప్రస్తావన.— కలరా, టైఫాయిడు జ్వరము, జిగట విరేచనములు మొదలగు వ్యాధులు నీటిమూలమున వ్యాపించునని యెల్లరు నెఱుంగుదురు. అయితే నీరు చెడుట నదియందో, చెఱువునందో, గొట్టమునందో మాత్రమే జరుగునని తలంచుట సరికాదు. కొళాయివద్ద పరిశుభ్రముగా నున్న నీరు బిందెలోనికిని, బిందెనుండి చెంబులోనికిని చేరులోపల చేతులవలనను, మూతలేని పాత్రలవలనను చెడిపోవుచున్నది. అట్టి నీటిని వంటచెఱకుగాని గ్యాసుగాని వ్యయపడకుండ ఎండచే శుద్ధిచేయుట యెట్లు, దానిని ఎంతవఱకు నమ్మవచ్చును, ఎప్పుడు నమ్మరాదు అను మూడు సంగతులు ఈ పాఠమున వివరింపబడును.

2. ప్రదేశము.— దృష్టాంతముగా సూరతు నగరమున దక్షిణభాగమునందలి ఆల్థాన్ పేటను గైకొనవచ్చును. సూరతు నగరమునకు తాపీనది ప్రధాన జలాధారము. ఆల్థాన్ నగరముతోపాటు విస్తరించిన నివాసస్థలము. ఇట్లు త్వరితముగా పెరుగు పేటలయందు మేడలకు గొట్టపునీరు అందినను, కట్టడపు పనివారును, ఒంటిగది అద్దెయిండ్లవారును నీటిని డబ్బాలలో పట్టి నిలువచేసికొనుట సామాన్యము. సూరతు మరమగ్గములయందు పనిచేయుటకై తెలంగాణమునుండి పోయిన పద్మశాలి కుటుంబములు అనేకములు ఆ నగరమున స్థిరపడియున్నవి. కావున ఇట్టి బోధన గుజరాతీ, హిందీ భాషలయందేగాక అవసరమైనచోట తెలుగునందును జరుగవలెను. స్త్రీలకు తెలియని భాషలో గోడకంటించిన ప్రకటన గోడకే గాని యింటికి చేరదు.

3. పూర్వవృత్తాంతము.— పగలు సూర్యునిచే కాగి, రాత్రి చంద్రునిచే చల్లబడిన శరత్కాలపు నీటికి హంసోదకమని పేరిడి, అది శ్రేష్ఠమని చరకసంహిత చెప్పుచున్నది. సూర్యరశ్మి సూక్ష్మజీవులను నశింపజేయునని 1877వ సంవత్సరమున ఇంగ్లాండునందు డౌన్స్, బ్లంట్ అనువారు ప్రయోగపూర్వకముగ నిరూపించిరి. బేరూతు నగరమందలి అమెరికన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆఫ్టిం అక్రా గారు విరేచనరోగులకిచ్చు ఉప్పు-చక్కెర ద్రావకమును ఎండచే శుద్ధిచేయవచ్చునని 1980లో ప్రకటించిరి. 1991 మొదలుకొని స్విట్జర్లాండు దేశపు జలపరిశోధన సంస్థయగు ఈవాగ్ వారు ఈ విధానమును క్షుణ్ణముగా పరీక్షించి, సామాన్యజనులు అనుసరింపదగిన రూపమునకు తెచ్చిరి.

4. కారణము.— ఎండయందు కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు గలవు. వానిలో 320 మొదలు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలవి నీటియందలి ప్రాణవాయువుతో గూడి తీక్ష్ణమైన పదార్థములను పుట్టించి, సూక్ష్మజీవుల దేహమును ఛేదించును. దీనికి వేడిమి తోడైనచో ఫలము హెచ్చును. నీరు 45 సెంటీగ్రేడు డిగ్రీలను మించినప్పుడు కిరణములును ఉష్ణమును ఒకదానికొకటి బలమిచ్చును. 50 డిగ్రీలకు చేరిన నీటికి ఒక గంట ఎండ చాలును. అంత వేడి యెక్కనిచోట ఆరు గంటలు అవసరము.

5. విధానము.—
(అ) రెండు లీటర్లకు మించని, రంగులేని, గీతలుపడని పెట్ ప్లాస్టిక్కు సీసాను గ్రహింపవలెను. అడుగున త్రికోణములో 1 అంకె యుండుట దీని గుర్తు. పచ్చని లేక గోధుమవన్నె సీసాలు పనికిరావు. పైకాగితమును ఊడదీసి, సీసాను లోపల వెలుపల కడుగవలెను.
(ఆ) నీరు తేటగా నుండవలెను. నీరు నింపిన సీసాను వార్తాపత్రికలోని పెద్దయక్షరముల శీర్షికపై నిలిపి, మూతివైపునుండి క్రిందికి చూచినప్పుడు అక్షరములు చదువ వీలైనచో ఆ నీరు తగినది. చదువ వీలుగానిచో, పటికచే లేక మన పల్లెలలో వాడు చిల్లగింజచే తేర్చి, గుడ్డతో వడగట్టి మరల పరీక్షింపవలెను.
(ఇ) సీసాను ముప్పాతిక వఱకు నింపి, మూతబిగించి ఇరువది సెకండ్లు గట్టిగా కుదిపి, పిదప నిండ నింపవలెను. కుదుపుటవలన ప్రాణవాయువు నీటిలో కలియును.
(ఈ) సీసాను పరుండబెట్టి, నీడపడని రేకుల కప్పుపై ఉదయము 9 గంటలనుండి సాయంకాలము 3 గంటల వఱకు ఉంచవలెను. ఆకాశము సగమునకు మించి మేఘావృతమైనచో రెండు దినములు వరుసగా నుంచవలెను.
(ఉ) శుద్ధియైన నీటిని వేఱొక బిందెలో పోయక, ఆ సీసానుండియే గ్లాసులో పోసికొని త్రాగవలెను. బిందెలో పోసినచో చేసిన శ్రమ వ్యర్థము.

6. సీసాల లెక్క.— మనుష్యునికి దినమునకు రెండు లీటర్ల చొప్పున అయిదుగురి కుటుంబమునకు పది లీటర్లు, అనగా రెండు లీటర్ల సీసాలు 5 కావలెను. ఎండలో నుండునవి 5, వాడుకలో నుండునవి 5 గాన మొత్తము 10. మబ్బుదినములలో రెండు దినముల వంతు ఎండలో నుండును గాన 15. ఈ సంఖ్యయు, నీడలేని చోటును లేని యింటికి ఈ విధానమును బోధించుట నిష్ప్రయోజనము.

7. పరీక్షల ఫలితములు.— వేలూరు పట్టణపు పేదలవాడయందు అయిదేండ్లలోపు పిల్లలపై క్రైస్తవ వైద్యకళాశాలవారు ఆరు మాసములు జరిపిన పరిశీలన 2006లో ప్రకటింపబడినది. ఎండనీరు త్రాగిన పిల్లలకు విరేచనములు నూటికి 40 వంతులు తగ్గినవని అందు తేలినది. కెన్యా దేశమున మసాయి జాతివారిలో కలరా వ్యాపించినప్పుడు ఆరేండ్లలోపు పిల్లలకు దీనివలన గొప్ప రక్షణ కలిగినదనియు, అంతకు పెద్దవారియందు అట్టి భేదము కానరాలేదనియు 2001లో ప్రకటితమైనది. బొలీవియా దేశమున 22 గ్రామములలో జరిగి 2009లో ప్రకటింపబడిన పరిశోధనలోనైతే చెప్పుకోదగిన లాభము రుజువు కాలేదు. అచ్చట బోధన విస్తారముగా జరిగినను, విధానమును నిజముగ ఆచరించినవారు సుమారు మూడవవంతు మాత్రమే. సీసాలు పంచిన లెక్క వేఱు, నీరు శుద్ధియైన లెక్క వేఱు అని ఇందువలన గ్రహింపవలెను.

8. ఎండచే పోని దోషములు.— ఎండ సూక్ష్మజీవులను చంపునేగాని నీటియందు కరగిన పదార్థములను తొలగింపదు. ఉప్పు, నైట్రేటు, కార్ఖానాల రసాయనములు, ఫ్లోరైడు అట్లే యుండును. నెల్లూరు జిల్లాయందు ఫ్లోరైడువలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు దానిచే చిరకాలము బాధపడిరి. అట్టి నీటిని ఎండబెట్టి శుద్ధియైనదని చెప్పుట ప్రజలను మోసపుచ్చుటయే. ఉప్పునీటికి సూర్యకాంతిచే బట్టిపట్టు పద్ధతి వేఱుగా కలదు. 1872లో చిలీ దేశమందలి లాస్ సాలినాస్ గనులయందు అట్టి గాజుకప్పుల యంత్రము నిర్మింపబడెను. గుజరాతునందు 1978లో భావనగరము సమీపమున అవానియా గ్రామమున అక్కడి ఉప్పు, సముద్రరసాయన పరిశోధనాలయమువారు దానిని స్థాపించిరి. అది ఇంటివారు సీసాతో చేయదగిన పనికాదు.

9. వర్షకాలము.— ఇది ఉద్యోగులు ముఖ్యముగ గమనింపదగిన యంశము. సూరతు ప్రాంతమున జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వానలు. నీరు కలకబారుటయు, మురుగు కలియుటయు, విరేచనములు ప్రబలుటయు ఆ మాసములయందే. ఎండ కొఱవడుటయు ఆ మాసములయందే. 2006 ఆగష్టున తాపీవరద సూరతు నగరమున అధికభాగమును ముంచినది. అట్టి దినములలో కప్పుపై సీసా యుంచి ప్రాణమును దానికి అప్పగింపరాదు. అనగా అవసరము హెచ్చినప్పుడే ఈ విధానము బలహీనమగుచున్నది. ఎడతెగని వానలలో నీటిని తెరలుకాగునట్లు కాచవలెను, లేదా క్లోరిను వాడవలెను. నిలువనీటికి వేయి లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు రెండున్నర గ్రాముల చొప్పున కలిపి, ఒక గంట యాగి, కొళాయి చివర లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో పరీక్షింపవలెను.

10. ఉద్యోగుల కర్తవ్యము.— 1994 సెప్టెంబరున సూరతులో ప్లేగు భీతి వ్యాపించి జనులు లక్షలుగా నగరమును వీడిరి. 1995లో మునిసిపల్ కమీషనరైన శ్రీ సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను ప్రతిదినము కచేరీ విడిచి వీధులలో తనిఖీ చేయునట్లు నియమించి, ఆ నగరమును పరిశుభ్రతకు ప్రసిద్ధి కెక్కించిరి. ప్లేగు నీటివలన వచ్చునది కాకున్నను, నిత్యపు తనిఖీయే ఆరోగ్యరక్షణకు మూలమను నీతి యిచ్చటను వర్తించును. కావున,—
(క) చలికాలమునను వేసవిలోను ఈ విధానమును బోధించి, వానలు రాకముందే కాచుటకును క్లోరినుకును మాఱవలెనని ఇంటింట తెలుపవలెను.
(ఖ) బోధించిన పేటకు మాసము గడచిన పిదప ముందు తెలుపకుండ పోయి, కప్పులపై సీసాలెన్ని యున్నవో లెక్కింపవలెను.
(గ) నీటిలో రసాయనదోషము కలదని తేలినచోట దీనిని బోధింపరాదు.
(ఘ) సీసాలు పంచితిమను నెపమున పగిలిన గొట్టమును బాగుచేయుట వాయిదా వేయరాదు.

ఎండ ధర్మముగా లభించునది. గొట్టమును బాగుచేయుట మాత్రము ప్రజలు పన్ను చెల్లించి అప్పగించిన పని. మొదటిది రెండవదానికి సాయమగునేగాని బదులు కానేరదు.