మూగజీవి నొప్పికి జవాబు ఎవరు చెప్పాలి?

ఫార్మసీ చదువుతున్న ఒక యువకుడు మమ్మల్ని ఇలా అడిగాడు: "మౌలానా! మా ప్రయోగశాలలో ఎలుకలకు కడుపు కోసి రోగం కలిగిస్తారు. తర్వాత నొప్పి మందు ఇస్తే ఫలితాలు చెడిపోతాయని కొందరంటున్నారు. నేనేం చేయాలి?" మన ఇళ్లలో ఎందరో పిల్లలు ఈ చదువుల్లో ఉన్నారు. కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకుందాం.

విషయం ఏమిటి?

రోగక్రిములతో పోరాడే శక్తి అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడాన్ని సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచమంతటా దాదాపు 4.89 కోట్ల మందికి ఈ జబ్బు సోకిందని, 1.1 కోట్ల మంది మరణించారని నిపుణుల అంచనా. దీనికి చికిత్స వెదకడం నిస్సందేహంగా మానవసేవే. అందుకోసం ఎలుకకు మత్తు ఇచ్చి, పెద్దపేగు మొదటి భాగాన్ని దారంతో కట్టి, సూదితో పొడుస్తారు. మలం కడుపులోకి కారి రోగం మొదలవుతుంది. కోత సమయంలో మత్తు ఉంటుంది. మత్తు దిగాక కలిగే బాధ గురించే ఈ ప్రశ్న.

ఆ సాకు నిలుస్తుందా?

కొన్ని నొప్పి మందులు రోగనిరోధక శక్తిపై ప్రభావం చూపుతాయన్నది నిజమే. కానీ నొప్పి కూడా ఒత్తిడి హార్మోన్లను పెంచి అదే శక్తిని మారుస్తుంది. పైగా ఆసుపత్రిలో సెప్సిస్ రోగికి నొప్పి తగ్గించే మందు ఇస్తారు కదా! ఏ ఉపశమనమూ లేని ఎలుక ఆ రోగికి నమూనా ఎలా అవుతుంది? 2017లో వియన్నాలో సమావేశమైన నిపుణులు కూడా, కోతతో కలిగించే సెప్సిస్ ప్రయోగాల్లో నొప్పి మందు ఇవ్వాలనే సిఫారసు చేశారు.

ధర్మం ఏమంటుంది?

పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీ శిక్షకు గురైందని, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన మనిషికి మన్నింపు లభించిందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టి, జంతువు బాధ తగ్గించమని ఆదేశించారు. ప్రాణం తీసే అనుమతి ఉన్నచోటే ఇంత దయ అవసరమైతే, ప్రయోగశాలలో ఎంత జాగ్రత్త ఉండాలి! అవసరం వల్ల లభించే అనుమతి ఆ అవసరం మేరకేనన్నది ఫిఖహ్ పండితుల సూత్రం. తగ్గించగలిగిన నొప్పి ఆ అవసరంలోకి రాదు.

ఏం చేయాలి?

1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూడు నియమాలు చెప్పారు: జంతువుకు బదులు వేరే మార్గం వెదకాలి; సంఖ్య తగ్గించాలి; బాధ తగ్గించాలి. ఎలుక నోరు విప్పి చెప్పలేదు. కానీ సగం మూసుకున్న కళ్లు, ఉబ్బిన ముక్కు, బుగ్గలు, వెనక్కి వాలిన చెవులు, మారిన మీసాలు దాని నొప్పిని చెబుతాయని 2010లో పరిశోధకులు చూపించారు. బ్యూప్రెనార్ఫిన్ వంటి మందు వేళకు ఇవ్వాలి. ఒళ్లు చల్లబడి, ఇక కోలుకోదని తెలిశాక చావు కోసం కాచుకోకుండా, బాధ లేకుండా దాని ప్రాణం తీయాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ప్రయోగాలలో అనవసర బాధను నివారించమంటుంది.

ఆ యువకునికి మేము చెప్పింది ఇదే: "ఈ చదువు మానకు. కానీ నొప్పి మందు గురించి మీ గురువులను మర్యాదగా అడుగు. అడగడానికి సిగ్గుపడకు. ఆ బోనులో ఉన్నదానికి నీ నోరే నోరు."

మూగజీవుల పట్ల దయ చూపే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.