విప్పడానికి గన్ను, బిగించడానికి చెయ్యి

హైదరాబాద్ పాతబస్తీ గల్లీ గ్యారేజీల్లో ఎయిర్ కంప్రెసర్ పెట్టేంత జాగా ఉండదు. షట్టరు ఎత్తితే రెండు బైకులు, ఒక ఆటో ముందు భాగం పడతాయి. మిగతా పనంతా రోడ్డు మీదే. బ్యాటరీ గన్ను ఇక్కడ ఇంత త్వరగా పాకడానికి కారణం అదే. గాలి పైపు అక్కర్లేదు. కరెంటు పోయినా పని ఆగదు. బహదూర్‌పురాలో బండి ఆగిపోయిందని ఫోనొస్తే సంచిలో వేసుకుని పోవచ్చు.

తంటా ఎక్కడంటే, దుకాణంలో పక్కపక్కనే కనిపించే రెండు మిషన్లకూ ‘ఇంపాక్ట్’ అనే పేరుంది. ఒకటి ఇంపాక్ట్ డ్రైవర్, ఇంకోటి ఇంపాక్ట్ రెంచి. గ్యారేజీలో రెండూ ‘గన్నే’. చవకగా, చిన్నగా, తేలిగ్గా ఉందని డ్రైవర్ కొని, దానికి అడాప్టర్ తగిలించి కారు చక్రాల మీదికి వెళ్లేవాళ్లు తక్కువేం లేరు. ఈ జాగ్రత్తలు వాళ్ల కోసం. వాళ్ల చేతికి తాళం ఇచ్చేవాళ్ల కోసం కూడా.

కొనేముందు మూతి చూడండి

డ్రైవర్ మూతికి ఆరు పలకల రంధ్రం ఉంటుంది. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల బిట్లు అందులో దిగుతాయి. అది స్క్రూల కోసం, చిన్న బోల్టుల కోసం చేసిన మిషను. రెంచి మూతికి రంధ్రం ఉండదు, బయటికి పొడుచుకొచ్చిన చదరపు కడ్డీ ఉంటుంది. దాని మీద గోటీ (సాకెట్) ఎక్కుతుంది. బైకులకు, చిన్న పనులకు 3/8 అంగుళం, కార్లకు అరంగుళం, లారీలకు ముప్పావు లేదా అంగుళం.

బాష్ బ్రాండులో మోడల్ పేరే సంగతి చెబుతుంది: జీడీఆర్ అంటే డ్రైవర్, జీడీఎస్ అంటే రెంచి, జీడీఎక్స్ అంటే రెండు రకాల మూతులూ ఒకదాంట్లోనే. మకీటాలో టీడీ డ్రైవర్, టీడబ్ల్యూ రెంచి. పేరు తెలియని సరుకైతే మూతి చూడటమే దారి.

రెండింటి లోపలా పని ఒకటే. మోటారు ఒక సుత్తిని తిప్పుతుంది. బోల్టు మొండికేస్తే ఆ సుత్తి స్ప్రింగు మీద వెనక్కి తగ్గి, మళ్లీ ముందుకొచ్చి అడ్డంగా కొడుతుంది, నిమిషానికి వేలసార్లు. డ్రిల్లు మిషను అయితే బిట్టు పట్టేసినప్పుడు మణికట్టును మెలిపెడుతుంది. ఈ గన్ను అలా లాగదు. హాయిగానే ఉంటుంది కానీ, నట్టు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ఈ పనిలో చాలా ప్రమాదాలు అక్కడే పుడతాయి.

బిగువును, అంటే టార్క్‌ను, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవు కడ్డీ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద పడేది సుమారు 98 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల చక్రాల నట్లకు కంపెనీలు చెప్పేది చాలామటుకు 85 నుంచి 130 మధ్య. మీ బండి లెక్క ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. మంచి డ్రైవర్ మీద 150 నుంచి 200 దాకా రాసి ఉంటుంది. ‘వంద కావాలి, నూటఎనభై ఉంది, ఇంకేం కావాలి భాయ్’ అని దుకాణదారు అనేది ఈ లెక్క చూపించే. ఆ మాట వినకండి. బిగించినప్పుడు వంద ఉన్న నట్టు, రెండు వానాకాలాలు గడిచి తుప్పు పట్టాక వందకు ఊడదు. మునుపటి మెకానిక్ గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగించి ఉంటే అసలే ఊడదు. పైగా డబ్బా మీది అంకె గరిష్ఠ లెక్క. అడాప్టర్ మీదుగా వెళ్లేసరికి అందులో కొంత పోతుంది.

కార్ల పని చేసేవారు 300 నుంచి 400 న్యూటన్ మీటర్ల అరంగుళం రెంచి తీసుకోండి. చక్రాలకు, సస్పెన్షన్ బోల్టులకు అది చాలు. వెయ్యి అని రాసినది కొంటే బరువుకు చెయ్యి గుంజుతుంది. ఆటోలు, బైకులే చేసేవారి చేతిలో అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కాటేదాన్‌కు వచ్చే లారీల చక్రాల మీద మాత్రం అరంగుళం బ్యాటరీ గన్నుతో ప్రయోగాలు వద్దు. వాటికి ముప్పావు లేదా అంగుళం ఎయిర్ గన్నే.

అలాగని డ్రైవర్ పనికిరానిదని కాదు. ఇంజన్ కవరు మీద తలలు అరిగిపోయేలా బిగిసిన స్క్రూలు, క్యారియర్లు, నంబరు ప్లేట్లు, రేకు పనులు, ఆరేడు మిల్లీమీటర్ల బోల్టులు విప్పడం దాని రాజ్యం. ప్లాస్టిక్ ప్యానెళ్ల దగ్గర మాత్రం దాన్నీ పక్కన పెట్టి పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) పట్టండి.

చేయకూడనివి: అడాప్టర్, మెరిసే గోటీ

డ్రైవర్‌కు పావంగుళం నుంచి అరంగుళం చదరానికి మార్చే అడాప్టర్ అమ్ముతారు. దాన్ని దగ్గరగా చూడండి. ఒక చివర బొటనవేలంత చదరపు తల, రెండో చివర పెన్సిలంత కాడ. దెబ్బలన్నీ ఆ కాడ మీదే పడతాయి. చక్రం నట్టు కదలకపోతే కాడ మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. సగం గోటీలో ఉండిపోతుంది, సగం గన్నులో. మిషను మీద బరువు వేసి నొక్కుతున్న మనిషి ముఖం నేరుగా ఫెండర్ మీదికి వెళ్తుంది. చిన్న నట్లకు అడాప్టర్ సరే. చక్రాలకు, యాక్సిల్ నట్టుకు, క్రాంక్ పుల్లీ బోల్టుకు వద్దు.

ఇంకా చెడ్డ అలవాటు, చేతి పానా సెట్టులోని తళతళలాడే క్రోమ్ గోటీని గన్నుకు తొడగడం. ఆ ఉక్కు గట్టిదే కానీ పెళుసు. దెబ్బల కింద ఒక్కోసారి పగిలి, ముక్క బుల్లెట్‌లా వస్తుంది. గన్నుకు వాడాల్సినవి నల్లగా, గోడ మందంగా ఉండే ఇంపాక్ట్ గోటీలు. ఇవి క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి. దెబ్బకు కొద్దిగా సాగుతాయి కానీ పెంకుల్లా విరగవు. చీలిక కనిపించిన నల్ల గోటీని కూడా పారేయాల్సిందే. చక్రాల నట్లకు ఆరు పలకల గోటీలే వాడండి. పన్నెండు పలకలవి నట్టు మూలల్ని గుండ్రం చేస్తాయి.

గోటీ పూర్తిగా దిగకముందే ట్రిగ్గర్ నొక్కవద్దు. తిరుగుతున్న గోటీని వేళ్లతో ఆపవద్దు. వదులు చేతి తొడుగులు, వేలాడే దస్తీ, పొడుగు చేతుల చొక్కా వద్దు. గోటీ మార్చేటప్పుడు దిశ మార్చే మీటను మధ్యలోకి తెచ్చి లాక్ చేయండి. ఇంకా మంచిది బ్యాటరీ ఊడదీయడం.

చక్రం బిగించే పద్ధతి

ఇక్కడ కాస్త ఆగాలి. గన్నుతో చక్రం విప్పడంలో పెద్ద తప్పు జరగదు. బిగించడంలో జరుగుతుంది.

మామూలుగా జరిగేది ఇది: జాకీ మీద బండి, చక్రం ఎక్కించి నట్టు గోటీలోనే పెట్టి, గన్ను ఆనించి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కుతారు. టకటక శబ్దం వచ్చాక ఇంకో రెండు సెకన్లు ‘భద్రం కోసం’. నట్టు వంకరగా ఎక్కినా గన్ను లెక్కచేయదు, చూడీలు (మరలు) కోసుకుంటూ పోతుంది. ఆ రెండు సెకన్లలో నట్టు ఎక్కే స్టడ్డు సాగుతుంది. సాగిన స్టడ్డు ఇవాళే విరగదు. వేరే రోజు, వేరే రోడ్డు మీద విరుగుతుంది. నాలుగు నట్లు నాలుగు రకాలుగా బిగిస్తే బ్రేక్ డిస్కు వంకరపోయి, బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణుకుతుంది. అలాయ్ చక్రమైతే నట్టు కూర్చునే గుంట నలుగుతుంది.

చేయవలసింది వేరు. స్టడ్డును వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి. గ్రీజు, ఆయిలు పూయవద్దు. కంపెనీ లెక్క పొడి చూడీలకు. జిడ్డు ఉంటే అదే టార్క్‌కు స్టడ్డు మీద లాగుడు ఎక్కువ పడుతుంది. ప్రతి నట్టునూ వేళ్లతో రెండు మూడు చుట్లు ఎక్కించండి. వేళ్లకు ఎక్కని నట్టు గన్నుకూ ఎక్కకూడదు. తర్వాత కావాలంటే గన్నును అతి తక్కువ మోడ్‌లో పెట్టి నట్టు ఆనే దాకా తిప్పండి, అంతే. బండి దింపి, బిగువు కొలిచే టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించండి; ఐదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. ‘టిక్’ అన్నాక మళ్లీ గుంజవద్దు. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడండి. టార్క్ రెంచితో నట్లు విప్పకూడదు. పని అయ్యాక దాన్ని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి.

గన్నుకు ఎలక్ట్రానిక్ టార్క్ మోడ్ ఉంది కదా అంటారు. అది ఉజ్జాయింపు. బ్యాటరీ చార్జి, గోటీ పొడవు, నట్టు తుప్పు మారితే అదీ మారుతుంది.

జాకీ సంగతి కూడా ఇక్కడే. గన్ను దెబ్బలకు బండి ఊగుతుంది. ఉత్త జాకీ మీద, ఇటుకల మీద ఉన్న బండి కింద దూరి గన్ను వాడటం చావును పిలవడమే. స్టాండు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు వేయండి. చక్రం నట్ల మొదటి కదలిక బండి నేల మీద ఉండగానే రావాలి.

స్పార్క్ ప్లగ్గు, ఆయిల్ చేంబర్ బోల్టు, అల్యూమినియంలోకి ఏ బోల్టునైనా బిగించడం, బ్రేక్ పైపు జాయింట్లు: వీటి జోలికి ఏ గన్నూ పోకూడదు. ప్లగ్గుకు కావాల్సింది సాధారణంగా 10 నుంచి 30 న్యూటన్ మీటర్లే. హెడ్డులో చూడీ పోతే ఆ ఖర్చు గన్ను ధరను మించుతుంది.

బ్యాటరీ, నిప్పు

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో మంటలు లేచి, పై అంతస్తుల్లో ఉన్నవారిలో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. కింద కారు రిపేరు చేస్తుండగా లేచిన నిప్పురవ్వలు రసాయనాల డ్రమ్ములకు అంటుకున్నాయని ఆ రోజు పోలీసులు చెప్పారు. అక్కడ బ్యాటరీ గన్ను వాడారని నేను అనడం లేదు. కింద గ్యారేజీ, పైన కాపురం అనేది మన గల్లీలన్నింటి అమరిక. రవ్వ ఎక్కడిదైనా పొగ పోయే దారి మెట్ల మీదుగానే.

బ్రష్షుల మోటారున్న గన్ను తిరిగినంతసేపూ లోపల చిన్న రవ్వలు వేస్తూనే ఉంటుంది. పెట్రోలు పైపు విప్పి ఉన్నచోట, ట్యాంకు దింపినచోట, థిన్నర్ డబ్బా మూత తీసి ఉన్నచోట దాన్ని వాడవద్దు. బ్రష్‌లెస్ మోటారుకు రవ్వల బెడద తక్కువ, కానీ పెట్రోలు ఆవిరి మధ్య వాడేందుకు చేసిన మిషను అదీ కాదు.

ప్యాక్‌లో ఉండేది లిథియం అయాన్ సెల్లులు. చాలా కంపెనీలు 40 డిగ్రీలు దాటితే చార్జింగ్ పెట్టవద్దంటాయి. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? వాడి వేడెక్కిన ప్యాకును కాసేపు చల్లారనిచ్చి, నీడలో, నేల మీద, కంటి ముందు చార్జి చేయండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నాలుగు చార్జర్లు, రాత్రంతా చార్జింగు, మెట్ల కింద చార్జింగు వద్దు. ఉబ్బిన ప్యాకు, కింద పడి పగిలిన ప్యాకు, నీళ్లలో తడిసిన ప్యాకు మళ్లీ చార్జర్ ఎక్కకూడదు. చెత్త బండిలో కూడా వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. పొగ మొదలైతే మెయిన్ ఆపి, పైవాళ్లను కిందికి దింపి, 101కు ఫోన్ చేయండి.

మీద 48, 88, 128 అని పెద్ద అంకెలు వేసిన చవక గన్నులు మార్కెట్లో కుప్పలు. ప్యాకు విప్పితే చాలావాటిలో ఉండేది ఐదు వరుసల సెల్లులే. సెల్లుకు 3.6 చొప్పున 18 వోల్టులు, నిండా చార్జి అయితే 21. మిగతాదంతా స్టిక్కరు. బ్యాటరీ మీద ఐఎస్ 16046 అనే బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. జుమ్మెరాత్ బజార్‌లో పాత పానాలు, జాకీలు బేరమాడి కొనండి, తప్పులేదు. పాత లిథియం ప్యాకు మాత్రం అక్కడ కొనకండి.

ఒంటి జాగ్రత్త

కళ్లద్దాలు లేకుండా ట్రిగ్గర్ నొక్కవద్దు. తుప్పు పొలుసు కంట్లో దిగితే నలపవద్దు, దస్తీ కొనతో తీయవద్దు. కన్ను నొక్కుకోకుండా కప్పి, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పోండి.

గన్ను శబ్దం 100 డెసిబుల్స్ దాపుకు పోతుంది; ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం ఆ శబ్దంలో రోజుకు రెండు గంటలే ఉండవచ్చు. చెవులకు ప్లగ్గులు పెట్టండి. డిసెంబరు పొద్దున వేలి కొసలు తెల్లబడి తిమ్మిరెక్కుతుంటే అది చలి ఒక్కటే కాకపోవచ్చు, గన్ను అదురు కూడా కావచ్చు. గాలి సుత్తులు వాడే రాళ్ల కార్మికుల వేళ్లలో ఇదే జబ్బును అమెరికాలో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లోనే నమోదు చేసింది. పనిని ముక్కలు చేసుకోండి, డాక్టరుకు చూపించండి.

గ్యారేజీలో పనిచేసే చోటూ చేతికి గన్ను ఇవ్వకండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. పద్దెనిమిది నిండని కుర్రాడు పని నేర్చుకోవాలంటే చేతి పానాతో మొదలుపెట్టించండి ఉస్తాద్; బిగువంటే ఏమిటో వాడి చేతికి అలాగే తెలుస్తుంది.

బండి ఇచ్చేవారికి ఒక మాట. చక్రాలు విప్పిన పని ఏది చేయించినా, డబ్బులిచ్చే ముందు డిక్కీలోని ఎల్ పానా తీసి అక్కడే ఒక నట్టు వదులు చేసి చూడండి. మీ చేతికి రాకపోతే, రాత్రి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పంక్చరైనప్పుడు కూడా రాదు. నాలుగింటినీ విప్పి, టార్క్ రెంచితో మళ్లీ బిగించి ఇమ్మనండి.